పల్లె వైద్యునికి పాఠశాల యేది?



నివసింపదగిన యూరికి సుమతీశతకకారుడు చెప్పిన లక్షణములలో వైద్యుడుండుట యొకటి. ఆ పద్యము మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము కంఠస్థమే. కాని యా మాటను తు.చ. తప్పక పాటింప బూనితిమేని మన పల్లెలలో నెన్నిటియందు జనము మిగులును? 2011వ సంవత్సరపు జనగణనము ప్రకారము మన దేశమున నూటికి సుమారు 69 మంది పల్లెలలోనే యుండిరి. మైదాన ప్రాంతమున 30 వేల జనమునకు, కొండప్రాంతమున 20 వేల జనమునకు నొక్కొక్క ప్రాథమికారోగ్య కేంద్ర ముండవలెనని ప్రభుత్వమువారి నియమము. నియమము ప్రకారమే సర్వమును జరిగినదనుకొందము. అన్ని వేలమందిలో నే యింట ముసలితల్లి మంచము పట్టినదో, ఏ యింట బాలెంత నిద్రలేక కుములుచున్నదో యొకరిద్దఱు వైద్యులకు తెలియు టెట్లు?

ఈ మాట వచ్చినప్పుడెల్ల "చదువుకొన్న వైద్యులకు పల్లె లేల? వారికి పట్టణము కావలెను, ధనము కావలెను" అని యొక నిందవేసి మనము ఊరకుందుము. ఆ నిందలో నిజము కొంత లేకపోలేదు. అయినను దానికి వెనుక నున్న యింకొక కారణమును మనము విచారింపము. ఆ వైద్యుని నెక్కడ పెంచితిమి? ఏమి చూపి పెంచితిమి? పుట్టినది మొదలు గానుగ చుట్టు త్రిప్పిన యెద్దును తెచ్చి నాగలికి గట్టినచో సాలు తప్పుట యా యెద్దు తప్పు కాదు. పల్లెయందు కుటుంబవైద్యుడై నిలువవలసినవానికి పాఠశాల పల్లెయే కావలెననియు, అందు మొదటి బడిపంతులు ఇంటి యిల్లాలే యనియు నా యభిప్రాయము. దానినే యీ వ్యాసమున విన్నవించుకొందును.

పెద్దాసుపత్రిలో కనబడని రోగులు

1961వ సంవత్సరమున కెర్ వైట్ అను అమెరికా వైద్యుడు తన సహచరులతో గూడి యొక లెక్క ప్రకటించెను. అది అమెరికా, బ్రిటను దేశముల వివరములపై కట్టిన లెక్క. వేయిమంది పెద్దవారిని తీసికొన్నచో, ఒక్క నెలలో వారిలో 750 మందికి ఏదో యొక నలత కలుగును. అందు 250 మంది వైద్యునికి చూపుకొందురు. ఆసుపత్రిలో చేరువారు 9 మంది. వైద్యవిద్య నేర్పు పెద్దాసుపత్రిదాక పోవువాడు ఒక్కడు. వైద్యవిద్యార్థి చదువంతయు సాగునది ఆ యొక్కని మంచము చుట్టును!

తక్కిన రోగులెవరు? వారు మన యిండ్లలోనివారే. మిరియాల కషాయముతో తగ్గిన జలుబువారు, తగ్గక నాలుగవనాటికి రొప్పు పుట్టిన పసివారు, నడుమునొప్పితోనే కలుపు తీయబోయిన స్త్రీలు, తల తిరుగుచున్నను "వయస్సు పైబడినది గదా" యని సరిపెట్టుకొన్న ముసలివారు. పెద్దాసుపత్రికి రోగము పండి వచ్చును. అప్పటికి దాని ముఖము స్పష్టముగా నుండును. పల్లె వైద్యుని యెదుట రోగము మొలకగా నుండును. మొదటిదినపు జ్వరమును జూచి యిది రెండుదినములలో పోవునదా, ప్రాణము మీదికి వచ్చునదా యని తేల్చుట యెంతటి కష్టమైన విద్యయో పిల్లలను పెంచిన తల్లు లెఱుగుదురు. ఆ మొలకను గుర్తించు విద్య పండిన చేలలో దిరుగుటవలన రాదు.

చరకసంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో నేది కుంటుపడినను చికిత్స నిలువదు. పెద్దాసుపత్రిలో విద్యార్థికి రోగిని చూపుదురు, ఔషధమును చెప్పుదురు. పరిచారకుని మాత్రము ద్వారమువద్దనే నిలిపివేయుదురు. ఇంటియందు ఆ మూడవ పాదము తల్లియో, కోడలో, పెద్దకూతురో. మందు వేళకు పడుటయు, పథ్యము నిలుచుటయు, మరల చూపించుటకు బండి కట్టుటయు ఆమె చేతిలోని పనులు. ఆమెతో మాటాడుట యెఱుగని వైద్యుడు మూడు కాళ్ల మంచముమీద రోగిని పరుండబెట్టినవాడే యగును.

వేలూరున వెలిగిన దీపము

వైద్యవిద్యను గడప యొద్దకు తెచ్చినవారి కథ చెప్పవలసినచో మనకు దూరము పోనక్కఱలేదు. చిత్తూరు వారికి వేలూరు పొరుగూరే. అచటి క్రైస్తవ వైద్య కళాశాల పేరు విననివారు మన దేశమున నరుదు. దానిని స్థాపించిన ఐడా స్కడ్డర్ 1870లో మన దేశముననే జన్మించిన అమెరికా వనిత. వైద్యమువైపు ఆమె మొదట కన్నెత్తియైన జూడలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున ఆమె తమిళదేశమున తిండివనములో తలిదండ్రులయొద్ద నుండగా ఒకనాటి రాత్రి ఒకరి తరువాత నొకరుగా మువ్వురు పురుషులు వచ్చి తలుపు తట్టిరి. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు మహమ్మదీయుడు, మఱియొకడును హిందువే. మువ్వురి యిండ్లలోను భార్యలు ప్రసవవేదనతో నుండిరి. ఆమె తండ్రి వైద్యుడే. "మా నాయనగారు వచ్చెద"రని ఆమె చెప్పెను. పరపురుషుడు మా యింటి యాడువారిని తాకరాదని మువ్వురును మరలిపోయిరి. తెల్లవాఱునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఆ ముగ్గురి పేర్లును మన కందలేదు. కాని వారి చావు వ్యర్థము కాలేదు. ఆ కన్య అమెరికాకు పోయి 1899లో వైద్యపట్టము పొంది, 1900లో వేలూరునకు వచ్చి యొక మంచముతో వైద్యము మొదలిడెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల తెఱచెను. "ఆడుపిల్ల లీ చదువు చదువగలరా?" యని సందేహించిన పెద్దలుండిరి. మొదటి జట్టు పిల్లలు పదునలుగురును తొలిపరీక్షలో నుత్తీర్ణలై ఆ ప్రశ్నకు సమాధానమిచ్చిరి. 1942లో ఆ పాఠశాల కళాశాలయై, 1947లో పురుషులను కూడ చేర్చుకొనెను. స్త్రీలకై పుట్టిన పాఠశాలలో పురుషులు తరువాత చోటు వేడుకొనిన యుదాహరణ మిది!

ఈమె పద్ధతిలో మనము గమనింపవలసినది వేఱొకటి కలదు. రోగులు వేలూరునకు వచ్చుటకై యామె కాచుకొని కూర్చుండలేదు. మోటారుబండిలో మందులు పెట్టుకొని గుడియాత్తము దారివెంట చెట్లనీడల నిలిచి వైద్యము చేసెను. విద్యార్థినులకు ఆ చెట్లనీడలును తరగతి గదులే యయ్యెను. నేటికి నా కళాశాలలో తొలి సంవత్సరములందే విద్యార్థులు కొన్నివారములు పల్లెలో బసచేసి ఇల్లిల్లు తిరిగి జనుల జీవనము నెఱిగెదరు. చదువు ముగిసిన పిదప కొంతకాలము చిన్న యాసుపత్రులలో సేవచేయుదు మని చేరునాడే మాట యిచ్చెదరు.

సేవాగ్రామమున దత్తత

మహారాష్ట్రమున వార్ధా చెంత గాంధీమహాత్ముడు నివసించిన సేవాగ్రామమున 1969లో, ఆయన శతజయంతి సంవత్సరమున, డాక్టరు సుశీలా నయ్యరుగారు ఒక వైద్య కళాశాలను నెలకొల్పిరి. మహాత్మునికి వైద్యము చేసిన యీ విదుషి 1962 మొదలు 1967 వఱకు కేంద్ర ప్రభుత్వమున ఆరోగ్యమంత్రిణిగా నుండిరి. పల్లెకు వైద్యులు కావలెనని పట్టణమున సభలు చేయుటకంటె పల్లెయందే కళాశాలను పెట్టుట మేలని వారి తలంపు.

అచటి పద్ధతి యిది. కొత్తగా చేరిన పిల్లలు మొదట ఆశ్రమమున పదునైదు దినములుండి తమ గది తామే తుడుచుకొనుట, తమ పాత్రలు తామే తోముకొనుట, శ్రమదానము చేయుట నేర్చుకొందురు. పిదప ఆ సంవత్సరపు జట్టంతయు ఒక పల్లెను దత్తత చేసికొనును. విద్యార్థులందఱు నా పల్లెలోనే యొక పక్షము విడిదిచేసి, తమతమ పాలికి వచ్చిన కొన్ని కుటుంబముల పరిచయము చేసికొందురు. అటుపైని నెలకొకమారు ఆ యిండ్లకు పోవుచుందురు. చదువు సాగినకొలది వారి చూపును మాఱును. మొదటి యేట "ఈ యింట నెంతమంది?" అని అడిగినవాడు రెండవ యేట "ఈ బిడ్డ బరువేల పెరుగలేదు?" అని అడుగును. మూడవ యేట, అడుగకయే, నూతి చుట్టు నిలిచిన మురుగును జూచి సంగతి గ్రహించును.

ఇట్టి తలంపు క్రొత్తది కాదు. 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన జోసెఫ్ భోరు గారి సంఘము, వైద్యవిద్యార్థికి రోగము రాకుండ కాపాడు విద్యయందును, సంఘముయొక్క స్థితిగతులయందును మూడు నెలల శిక్షణ ముండవలెనని చెప్పియుండెను. ఆ నివేదిక మేరకు మన దేశమున పట్టభద్రులుగాక, తక్కువకాలపు చదువు చదివి పల్లెలలో వైద్యము చేయుచుండిన లైసెన్షియేటు వైద్యులే సుమారు ముప్పదివేలమంది యుండిరి. వైద్యులందఱికి నొకే పెద్దచదువు కావలెనని యా సంఘములో నెక్కువమంది తీర్మానింపగా ఆ చిన్నచదువు క్రమముగా నంతరించెను. చదువు పెద్దదయ్యెను, మంచిదే. కాని చిన్నచదువువాడు నిలిచిన పల్లెలో పెద్దచదువువాడు నిలుచుటకు వలయు తరిఫీదు మాత్రము చిరకాలము కాగితముల మీదనే యుండిపోయెను.

మా వీథికి వచ్చిన పిల్లలు

ఇప్పుడు దేశమంతటికి నొక నియమ మేర్పడినది. జాతీయ వైద్య కమిషను వారు 2022లో కుటుంబ దత్తత కార్యక్రమమును ఎం.బి.బి.ఎస్. చదువులో చేర్చిరి. ఒక్కొక్క విద్యార్థికి పల్లెలో మూడు మొదలు ఐదు కుటుంబముల నప్పగింతురు. మొదటి యేటినుండియే విద్యార్థి యా యిండ్లకు పోయి, రక్తపోటు, రక్తహీనత మున్నగు వానిని పరీక్షించుచు, తనకు పైనున్న యుపాధ్యాయునితో చెప్పి తగిన వైద్యము జరుగునట్లు చూడవలెను. చదువు ముగిసిన పిమ్మట చేయు సంవత్సరపు శిక్షణలోను పన్నెండువారములు సామాజిక వైద్యమునకు కేటాయింపబడినవి.

మావారు ఉపాధ్యాయులగుటచే మే మెక్కువగా పల్లెలలోనే కాపురముంటిమి. ప్రస్తుత మున్న యూరికి నొక కళాశాల పిల్లలు వచ్చుచుందురు. మా పొరుగింటి ముసలమ్మగారికి రక్తపోటు. నెలనెల ఆరోగ్య కేంద్రమున మాత్రలు తెచ్చుకొనును. ఎన్నిమార్లు కొలిచినను పోటు దిగదు. మోతాదు పెంచవలె నని చీటీలో వ్రాసిరి. ఆమె నొక విద్యార్థినికి దత్తత నిచ్చిరి. మొదటిమారు వచ్చినప్పుడు ఆ పిల్ల గుమ్మములో నిలుచుండి ప్రశ్నలు చదివి వ్రాసికొని పోయెను. రెండవమారు అరుగుమీద కూర్చుండెను. మూడవమారు పెరటిలో చిక్కుడుకాయలు వలుచుచు మాటలలో "మామ్మగారూ, మాత్రలు ఎక్కడ దాచుకొన్నారు?" అని అడిగెను.

ముసలమ్మ గూటిలోనుండి డబ్బా తీసెను. అందు మాత్రలు నిండుగా నున్నవి. "తల తిరిగిననాడు వేసుకొంటానమ్మా. బాగున్ననాడు మందెందుకు? ఎదురింటి వదినకూ ఇదే జబ్బు, తనకూ రెండు ఇస్తుంటాను" అని చెప్పెను. మోతాదు చాలకపోవుట కాదు, మందు నోటిలో పడకపోవుటయే కారణమని అప్పుడు తెలిసినది. రక్తపోటుకు లక్షణములు కనబడవలెనని లేదనియు, తల తిరుగకున్నను మందు ప్రతిదినము వేసికొనవలెననియు, ఒకరి మందింకొకరికి పెట్టరాదనియు ఆ పిల్ల ముసలమ్మ భాషలోనే నచ్చజెప్పినది. ఉప్పు తగ్గింపుమని చెప్పబోయి ఆ యింట పూటకూర లేనినాడు ఊరగాయయే యాధారమని చూచి, "ఊరగాయ మానండి" యనక, "ముక్క సగమే వేసుకొని మజ్జిగలో ఉప్పు మానండి" అనెను. ఈ మాట యే గ్రంథమున నున్నది?

ఆ మాటలు జరుగునంతసేపు కోడలు వాకిటి తలుపునకు జేరబడి నిలిచియుండెను. పోవుచు పోవుచు ఆ పిల్ల యామె చేయి పట్టుకొని వెలుతురులోనికి తీసికొనివచ్చి క్రిందిఱెప్ప లాగి చూచెను. ఱెప్పలోపల తెల్లగా పాలిపోయియుండెను. ఆ కోడలిని మా వీథిలో నందఱు "బద్ధకస్తురా" లనియే యనుకొనుచుండిరి. ఆశా కార్యకర్త వెంటబెట్టుకొని పోయి పరీక్ష చేయింపగా రక్తము ఎనిమిదికి లోపున్నదని తేలినది. నెలనెల మిక్కిలి రక్తము పోవుచున్నను ఎవరితోను చెప్పుకొనలేక యుండెనట. అత్తగారి రక్తపోటు చూడవచ్చిన పిల్ల కోడలి పాలిపోయిన కన్ను చూచినది. కుటుంబవైద్య మనగా నిదియే. రోగిని గాక ఇంటిని చూచుట. ఆసుపత్రి చీటీలో అత్తగారి పేరే యున్నది. కోడలి పేరు వ్రాయుటకు చీటీయే లేదు.

ఇది మా పొరుగింటి మాట మాత్రమే కాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల నడిమి స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశమున నా సంఖ్య యింకను కొంచె మెక్కువ. వీరిలో నెందఱు వైద్యునికి చూపుకొని యుందురు? ఇనుపమాత్ర నిచ్చుట సులభమే. దానిని కాఫీ, టీలతో గాక నిమ్మరసపు నీటితో మ్రింగిన మేలనియు, మలము నల్లబడిన భయపడవలదనియు, కడుపులో త్రిప్పిన చెప్పవలెగాని మానరాదనియు చెప్పి, మరల వచ్చి విచారించు మనిషి కావలెను. క్షయరోగికి ఆఱు నెలల మందు ఇంటిలో సాగవలెనన్నను అట్టి మనిషియే కావలెను.

పల్లెలో విద్య తఱుగునా?

పల్లెలో నున్నచో నేర్చినది మఱచిపోదుమని యువవైద్యులు కొందఱు భయపడుదురు. వారికి విలియం పికిల్స్ కథ చెప్పవలెను. ఇంగ్లండులో యార్క్‌షైరు మండలమున ఐస్‌గార్త్ అను పల్లెప్రాంతమున ఇంచుమించు అర్ధశతాబ్ది వైద్యము చేసిన మహనీయుడాయన. ఏ పల్లెలో నేనాడు ఎవరికి ఏ రోగము పొడచూపెనో పట్టికలుగా గీయించెను. ఆ పట్టికల పనిలో ఆయన భార్య యెంతయు తోడ్పడెను. 1929లో కామెర్లు వ్యాపించినప్పుడు, ఉదయమున మంచముమీద తాను చూచిన యొక పిల్ల ఆ మధ్యాహ్నమే గ్రామోత్సవమున పాత్రలు కడిగెనని ఆయనకు తెలియవచ్చెను. ఆనాడచటికి వచ్చినవారిలో పలువురికి తరువాత కామెర్లు వచ్చెను. ఎవరెవరిని కలిసిరో ఊరంతయు నెఱిగినవాడు కావున, సోకిన సుమారు నెలదినములకు గాని యా వ్యాధి బయటపడదని తేల్చెను. మహాపట్టణములోని పండితునికి ఈ దారము చిక్కుట దుర్లభము. ఎవరు ఎవరింటికి పోయిరో ఆయన కెవరు చెప్పుదురు? 1939లో పికిల్స్ వ్రాసిన గ్రంథము నేటికిని గౌరవింపబడుచున్నది. 1952లో బ్రిటనులో కుటుంబవైద్యులకై పరిషత్తు స్థాపింపబడగా దాని ప్రథమాధ్యక్షుడు ఈ పల్లెవైద్యుడే యయ్యెను.

మన దేశముననును కుటుంబవైద్యము విడిగా మూడేండ్లు చదువదగిన శాస్త్రమే. అది మిగిలినవారికి పనికిరానివాడు చేయు పని యనుకొనుట పొరపాటు.

ఎవరిని చేర్చుకొనవలెను?

ఎంత చక్కగా నేర్పినను పల్లె పొడ గిట్టనివాడు పల్లెలో నిలువడు. జపాను దేశమున దూరద్వీపములకు, కొండపల్లెలకు వైద్యులు లేకపోవుటను జూచి, 1972లో ఆ దేశపు మండలము లన్నియు గలిసి జిచి వైద్యవిశ్వవిద్యాలయమును పెట్టినవి. ప్రతి మండలమునుండియు ఏటేట ఇద్దఱు ముగ్గురు పిల్లల నేర్చి పంపుదురు. వారి చదువు కర్చు మండలమే భరించును. చదువు పూర్తియైన పిదప వారు తమ మండలమునకు వచ్చి సుమారు తొమ్మిదేండ్లు సేవచేసినచో ఆ యప్పు తీఱినట్లే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జెఫర్సను వైద్య కళాశాల 1974 మొదలు పల్లెలలో పుట్టి పెరిగి పల్లెవైద్యము చేయ నిచ్చగించు పిల్లలకు ప్రత్యేకముగా చోటిచ్చెను. వారు తక్కినవారికంటె నెక్కువగా పల్లెలలో నిలిచిరని అచటివారు కనుగొనిరి. ప్రపంచారోగ్య సంస్థ 2010లో వెల్లడించిన సలహాలలోను మొదటి వరుసలోని మాటలివే: పల్లె పిల్లలను చేర్చుకొనుడు, కళాశాలలను రాజధానులకు వెలుపల పెట్టుడు, చదువుకాలముననే పల్లెలకు పంపుడు.

మన యాంధ్రప్రదేశమున 2023 ఏప్రిలు 6వ తేదీన పల్నాడు జిల్లా లింగంగుంట్లలో కుటుంబవైద్య విధానము నారంభించి, ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యుడు నెలకు రెండుమార్లు ప్రతి పల్లెకును పోవునట్లు ఏర్పాటు చేసిరి. ప్రభుత్వములు మాఱవచ్చును, పథకముల పేర్లు మాఱవచ్చును. పల్లెకు పంపబడువాడు పల్లె నెఱిగినవాడు కానినాడు ఎన్ని బండ్లు తిరిగినను ఆ రాకపోకలు సంతకు వచ్చిపోయినట్లే యుండును.

లోపములు లేకపోలేదు

మంచిపనియని దోషములను దాచరాదు. కొన్ని జట్లు బండి దిగి, అందఱికి నొకమారు పోటు చూచి, ఛాయాచిత్రములు తీసికొని, దినచర్యపుస్తకము నింపుకొని పోవుట నేను చూచితిని. మరల ఆ ముఖములు మా వీథిలో కానరాలేదు. "మా యింటి గుట్టంతయు వ్రాసికొని పోయిరి. మాకేమి మిగిలెను?" అని యొక యిల్లాలు అడిగినది. ఆ ప్రశ్న న్యాయమైనది. పల్లె బీదది యని యాచిట విద్యార్థి చేయి తిరుగుటకు వాడుకొనరాదు. విద్యార్థి యింకను వైద్యుడు కాడు; మందు వ్రాయరాదు; వెంట ఉపాధ్యాయుడుండవలెను. ఇంట విన్నమాట వీథిలో చెప్పరాదు. "వల"దన్న యింటికి బలవంతముగా పోరాదు. ఊరిలో మంచియిండ్లను మాత్రమే యెంచుకొనక వెలివాడలోని గుడిసెలకును పోవలెను. రోగము కులము నడుగదు. అన్నిటికంటె ముఖ్యముగా, వచ్చిన పిల్లయే మరల రావలెను. ఏటేట క్రొత్తముఖము వచ్చినచో ప్రతి యేడును గుమ్మములోని ప్రశ్నలే. పెరటిలోని మాట యెన్నటికి రాదు.

మనము చేయదగినవి

సోదరులారా యని పిలిచి ప్రభుత్వమునకు చెప్పువారు పలువురు కలరు. మన పాలివి మనము చేయుదము.

మొదటిది, విద్యార్థులు వచ్చినప్పుడు నిజము చెప్పుదము. మందు మానినచో మానితి మనియే చెప్పుదము. వారికి మర్యాదకై "అంతయు బాగున్న" దనుట వలన వారి చదువు చెడును, మన యొడలును చెడును. ఇంటి పెద్దావిడలు కోడండ్రను, ఈడువచ్చిన కూతుండ్రను విద్యార్థినులతో నొక్క క్షణము విడిగా మాటాడనిండు. అత్తగారి యెదుట నోరు విప్పని రోగములు మన స్త్రీలకెన్నో కలవు.

రెండవది, ప్రతి యింట నొక పుస్తక ముంచుకొందము. బిడ్డలు పుట్టిన తేదీలు, వేయించిన టీకాలు, వాడుచున్న మందుల పేర్లు, పడని మందుల పేర్లు, పోటు, చక్కెర కొలతలు అందు వ్రాయుదము. చాకలిపద్దు వ్రాయగల చేయి దీనిని వ్రాయలేదా? వైద్యులు మాఱినను ఆ పుస్తకము మాఱదు.

మూడవది, పల్లెకు వచ్చిన వైద్యురాలిని నిలుపుకొందము. ఇరువదియైదేండ్ల ఆడుపిల్ల తెలియని యూర నొంటరిగా నుండవలెనన్న, తలుపునకు మంచి గడియయు, రాత్రివేళ పిలువు వచ్చినప్పుడు తోడు నడచువారును, పండుగనాడు పిలిచి పెట్టు ఇల్లొకటియు కావలెను. ఇవి జీతములో వచ్చునవి కావు. మన పొదుపుసంఘముల స్త్రీలు పూనుకొన్నచో ఇవి యసాధ్యములును కావు.

నాలుగవది, మన కూతుండ్రను చదివింతము. పల్లెలో పుట్టినపిల్లకు పల్లె భాషయు, పల్లె యాకలియు నెవరును నేర్పనక్కఱలేదు. శాస్త్రమొక్కటి నేర్పిన చాలును. పదవ తరగతి కాగానే పెండ్లిమాటలు తలపెట్టు నిండ్లలో నట్టి పిల్ల యెందఱికో వైద్యురాలు కావలసినది పొయ్యియొద్ద నుండిపోవుచున్నది.

వేలూరి పిల్లలు పదునలుగురు పరీక్షకు కూర్చుండుటకు ముందు ఆ చదువు ఆడువారికి తగదనినవారును పెద్దలే. తిండివనమున మూడిండ్లలో దీపములారిన రాత్రి ఒక్క స్త్రీ వైద్యురాలు ఆ యూర నుండినచో కథ మఱియొక తీరుగా నుండెడిది. నేటికిని ఏదో యొక పల్లెలో, ఏదో యొక తలుపు వెనుక, చెప్పుకొనలేక యొక కోడలు నిలిచియున్నది. ఆమె కన్ను చూడగల పిల్లను మన యింటినుండియే పంపుదము.